విడిదొడ్డి

అల్జీరియాలో, జెల్ఫా పట్నం దాటాక పరుచుకున్న గడ్డిసీమలో షెహిలీ అనే ఎడారి వడగాలి పొద్దుటినుంచి దుమ్మెత్తి పోస్తోంది. బలిపండుగ దగ్గరికొచ్చింది. గొర్రెల బేరగాడు హాజీ లమ్నౌర్, బూజియాన్ భార్య హద్దా దొడ్డి ముందు లారీ ఆపి దిగాడు. బూజియాన్ పోయాక ఈ గుమ్మం తొక్కడం అతనికి ఇదే మొదటిసారి.

"చెప్పులు విప్పు హాజీ."

"ఏంటీ?"

"చెప్పులు విప్పి కాళ్ళు ఆ తొట్టిలో ముంచు. మందు నీళ్ళు. ముంచాకే ఇటు అడుగెయ్."

"మక్కా వెళ్ళొచ్చిన కాళ్ళు వదినా ఇవి!"

"అక్కణ్ణుంచి తిన్నగా ఇక్కడికే వచ్చుంటే ముంచమనకపోదును. మధ్యలో గొర్రెల సంతకి వెళ్ళొచ్చాయిగా."

"అబ్బబ్బ, ఈ డాక్టర్లు వచ్చాక మర్యాదన్నది మంటగలిసిపోయింది. ఒకప్పుడు గుమ్మంలోకి మనిషొస్తే పాలిచ్చేవాళ్ళు, ఖర్జూరాలు పెట్టేవాళ్ళు. ఇప్పుడు కాళ్ళు ముంచమంటున్నారు."

"పాలూ ఇస్తాను, ఖర్జూరాలూ పెడతాను. ముందు కాళ్ళు."

"ఇదిగో, ముంచాను. చూశావా? రెండూ. గడ్డం కూడా ముంచమంటావా?"

"గడ్డంతో గొర్రెల్ని తోలవుగా. వద్దులే."

"నువ్వేం మారలేదు వదినా. బూజియాన్ అన్నయ్య ఉన్నప్పుడూ ఇంతే. నాలిక మీద కారమే."

"ఆయన పేరు ఎత్తకు."

"ఎత్తితే ఏం? నాకు సొంత అన్నలాంటివాడు."

"ఎత్తకన్నాను. పని చెప్పు. లారీ వెనక భాగం నా దొడ్డి తలుపు వైపు తిప్పి పెట్టావు. నన్ను పలకరించడానికైతే రాలేదు."

"దేవుడి చుట్టాన్ని వదినా. నేనూ, నా జీవాలూ. ఈ గాల్లో ఎక్కడికి పోతాం? రెండు రాత్రులు నీ దొడ్లో తల దాచుకోనియ్యి."

"మళ్ళీ అను."

"ఏమని?"

"దేవుడి చుట్టాన్ని అన్నావే, ఆ మాట."

"దేవుడి చుట్టాన్ని. తప్పేముంది? తాతలనాటి మాట. ఆ మాట విని తలుపు తియ్యని ఇల్లు ఈ సీమలో లేదు."

"లేదు. ఆ ఏడు కూడా ఇదే మాట అన్నావు. ఇలాంటి గాలే. ఇదే గుమ్మం. ఆయన రొట్టె తుంచినవాడు తుంచినట్టే వదిలేసి లేచెళ్ళి తలుపు తీశాడు."

"అదే కదా నేననేది. అన్నయ్యయితే ఈపాటికి..."

"పేరెత్తకన్నానా!"

"పేరెత్తలేదు, అన్నయ్య అన్నాను. సరే, సరే. అదీ అనను. నువ్వే తవ్వుతున్నావు మరి."

"తల దాచుకోడానికి నీకు కోటలాంటి కొట్టం ఉంది. ఇంత దూరం నా దొడ్డికెందుకు? ఉన్నమాట చెప్పు."

"రేపు డాక్టర్ వసీలా వస్తోందట కదా."

"వస్తోంది."

"ఈ దొడ్లో ఉన్నవాటన్నిటికీ రోగం లేదని చెవికి పచ్చబిళ్ళ వేస్తుందట కదా."

"ఆహా."

"ఆహా ఏంటి?"

"ఏం లేదు. గాలి ఎటునుంచి వీస్తోందో ఇప్పుడు తెలిసింది. చెప్పు, చెప్పు."

"పండగ సంతలో ఆ బిళ్ళే అడుగుతున్నారు వదినా జనం. ఇదివరకు పళ్ళు చూసేవాళ్ళు, కొవ్వు నొక్కి చూసేవాళ్ళు. ఇప్పుడు రావడం రావడమే చెవి పట్టుకుంటున్నారు. బిళ్ళ లేని పొట్టేలు ఏనుగంత ఉన్నా అటు చూడరు. నీ మందలో నావి కూడా కలిసి నిలబడితే నీదేం పోతుంది? ఆ పిల్లకి ఏం తెలుస్తుంది ఏది నీదో ఏది నాదో?"

"పిల్లా? ఆవిడ పెద్ద డాక్టరు. ఇన్నేళ్ళు మన ఇళ్ళల్లో చాపల మీద పడుకుంది, మన రొట్టె తింది, మందల వెంట తిరిగింది. ఆవిడతో పాటు సముద్రం అవతలినుంచి వచ్చిన ఇద్దరు డాక్టర్లూ అంతే. రోగం ఏ దారిన వస్తోంది, ఎవరి కాళ్ళతో వస్తోంది, ఏ అరువు పొట్టేలుతో వస్తోంది, అన్నీ మనల్ని అడిగి, మనతో కలిసి తేల్చారు. ఆ తొట్టి ఎక్కడ పెట్టాలో చెప్పింది మనవాళ్ళే. బిళ్ళంటే ఊరికే చెవికి గుచ్చే తగరం ముక్క కాదు హాజీ."

"తెలుసులే వదినా, నాకు పాఠాలు చెప్పకు. కాపరుల సంఘం మొదటి సమావేశంలో నేనూ ఉన్నాను. పెద్దలందరితో పాటు చేతులు చాచి ఫాతిహా చదివి మాటిచ్చాను. అందర్లోకీ నా గొంతే గట్టిగా వినపడింది."

"వినపడింది. బార్లీ బస్తాలు పంచేదాకా వినపడింది. మళ్ళీ ఏ సమావేశంలోనూ నువ్వు కనపడలేదు."

"పనులుంటాయి."

"వచ్చుంటే బాగుండేది. చాలా తెలిసేవి. రేపు బిళ్ళలొక్కటే కాదు, ఇంకోటి కూడా ఉంది. ఇన్నాళ్ళు చేసిన పనిలో ఏం తేలిందో కాపరులందరినీ కూర్చోబెట్టి చెబుతారు. ఆ ఏడు పారుడు రోగం ఈ సీమలోకి ఎలా దిగింది, ముందు ఎవరి మందలో పుట్టింది..."

"పాత పాట. ఇప్పుడెందుకు?"

"ఎవరి మందలో అని అడిగితే ఊరంతా ఏం చెప్పారో తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?"

"బూజియాన్ మందలో. ఏ గుడారంలో అడిగినా ఇదే మాట. రేపు అందరి ముందూ అదే చదువుతారు. చచ్చిపోయిన మనిషి మీద ఇంకోసారి మన్ను పోస్తారు."

"ఇప్పుడు పేరెత్తింది నువ్వే."

"నేనెత్తొచ్చు. నా మొగుడు."

"మరి ఉన్నదదేగా వదినా. ముందు చచ్చినవి మీవేగా."

"ముందు చచ్చినవి మావి. ముందు రోగం తగిలినవి మావి కాదు. నీ జీవాలు మా దొడ్లో పడుకుని వెళ్ళాక మొదలైంది."

"ఇదిగో, మళ్ళీ మొదలు! నావాటికి ఏ రోగమూ లేదని అప్పుడే పెద్దల ముందు ప్రమాణం చేశాను."

"చేశావు. చేసేనాటికి నీ దగ్గర ఒక్క జీవం మిగల్లేదు, అన్నీ ఎక్కడో దూరం సంతకి తోలేశావు. వాటిని చూసినవాడు ఆయనొక్కడే. ఆయన మాట ఎవడు విన్నాడు? తన దొడ్లో రోగం పెట్టుకుని ఇంటికొచ్చిన చుట్టం మీద నింద వేస్తున్నాడన్నారు. చుట్టం మీద నింద! మా గుడారంలో టీ తాగడానికి కూడా ఎవడూ రాలేదు ఆ తర్వాత."

"నేను రాలేదా? ఊరంతా మొహం తిప్పుకుంటే నేను తిప్పుకున్నానా? ఆ పక్షంలోనే నా ముబార్కా పెళ్ళి. మీ ఆయన్ని పిలవొద్దని అందరూ అన్నారు. నేను పిలిచాను. నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. కాల్చిన మాంసంలో మొదటి ముక్క నా వేళ్ళతో తుంచి ఎవరి ముందు పెట్టాను? నా వియ్యంకుడి ముందా? కాదు! బూజియాన్ ముందు. అందరూ చూస్తుండగా."

"చూశారు. ఆయన ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లమ్నౌర్‌ది పెద్ద మనసు హద్దా, నేనే పొరబడ్డానేమో అన్నాడు. రోగం మనదేనేమో అన్నాడు. అది ఆలోచించి ఆలోచించి, తిండి మానేసి, ఆ చలికాలం దాటకుండానే పోయాడు."

"దేవుడు కరుణించుగాక. నేనేం తక్కువ చేశాను చెప్పు వదినా? రోగమొచ్చిన ఆ వారంలోనే మీ మందలో ఇంకా నిలబడి ఉన్నవాటిని కొన్నదెవరు? రేపో మాపో పోయేవాటికి చేతిలో పైసలు పెట్టేవాడు ఎవడైనా ఉంటాడా?"

"అప్పనంగా లాక్కున్నావు."

"జాలిపడి కొన్నాను."

"ఏం చేసుకున్నావు వాటిని?"

"ఏం చేసుకుంటాను... ఏదో చేశాను. గొర్రెల్ని ఏం చేస్తారు? ఎప్పటి మాటో. వదినా, గాలి ఎక్కువవుతోంది. అవునో కాదో చెప్పు, నా దారిన నేను పోతా."

"ఊరికే ఎందుకు ఒప్పుకోవాలి?"

"హమ్మయ్య, ఇప్పుడు దారికొచ్చావు. నా బోరు నీళ్ళు. ఈ ఎండాకాలమంతా నీ మంద నా బోరు దగ్గరే తాగనీ. వరస కూడా అక్కర్లేదు, రావడం తాగడం పోవడం."

"కిందటి ఎండల్లో అడిగితే కుక్కని వదిలావు."

"వదల్లేదు. తాడు తెంచుకుంది."

"రెండుసార్లు తెంచుకుంది."

"పాత తాడు. వదినా, అయిందేదో అయింది. నీళ్ళు ఇస్తానంటున్నానా లేదా?"

"లారీలో ఆ చివర నిలబడ్డదానికి ముక్కు కారుతోంది."

"ఏది? అదా? దుమ్ము. ఈ గాలికి నాకే కారుతోంది ముక్కు."

"కళ్ళనిండా పుసి."

"దుమ్మంటున్నానుగా."

"లారీ బల్లల నిండా పారుకున్నాయి."

"దాణా మార్చాను, పడలేదు. పైగా ఆ గతుకుల రోడ్డు. వదినా, నేను జీవాల మధ్య పుట్టి జీవాల మధ్య పెరిగినవాణ్ణి. రోగమైతే నాకు తెలీదా?"

"తెలుస్తుంది. నీకు బాగా తెలుస్తుంది. నేనూ అదే అనుకుంటున్నా."

"మరింకేం? దుమ్మే. నా కూతురి మీద ఒట్టు."

"ఎవరి మీద?"

"ముబార్కా మీద ఒట్టు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. చాలా?"

"చాలు. ఇంకేం కావాలి నాకు."

"బాగా అరుస్తున్నాయి లోపల. ఒళ్ళు చేసిన జీవాల్లా ఉన్నాయి. అన్నీ నీవేనా?"

"నా దొడ్లో ఎవరివుంటాయి? గోడల మీద గోనెపట్టాలు కట్టాను గాలికి, లేకపోతే నువ్వే చూసేవాడివి."

"చూసేదేముంది, పొద్దున్నే డాక్టరమ్మతో పాటు చూస్తా. ఎటు తోలను?"

"ఈ తలుపులోకే. లారీ వెనక్కి రానియ్. ఇంకా. ఇంకా. ఆ, చాలు. బల్ల దించు. తోలు."

"ట్ర్ర్ర్... ష్ష్... పదండే, పదండి! పండక్కి చెవిపోగులు పెట్టుకుని పెళ్ళికూతుళ్ళలా పోదురుగాని."

"చివరిది దిగనంటోంది."

"మొరాయిస్తోంది ముండ. పద!"

"కొట్టకు. దుమ్ము పట్టిందిగా పాపం, అలిసిపోయింది."

"హమ్మయ్య. అన్నీ వెళ్ళాయి."

"గడియ పెట్టనా హాజీ?"

"పెట్టు, పెట్టు."

"నువ్వే పెట్టమన్నావు."

"తాళం కూడా ఎందుకు?"

"గాలికి తలుపు కొట్టుకుంటుంది. రా, ఇలా గోడ చాటున కూర్చో. పాలు తాగు. కడుపు చల్లబడుతుంది."

"ఇదీ మర్యాదంటే. బిస్మిల్లా... చిక్కగా ఉన్నాయి వదినా. మేత బాగా దొరికినట్టుందే."

"నేను పిండినవి కావు. నీ కూతురు పిండింది."

"ఎవరు?"

"ముబార్కా."

"ముబార్కా నీ గొర్రెల్ని పిండటమేంటి?"

"నావెందుకు పిండుతుంది? తనవి పిండుకుంది."

"తనవా? తనవి ఇక్కడెందుకున్నాయి?"

"ఎందుకేంటి? తనూ సంఘంలో ఉంది. బిళ్ళలు వేయించుకోడానికి నిన్న తోలుకొచ్చింది. నావి మా అన్న మందతో కొండెక్కాయి, పండగ అయ్యాక గానీ దిగవు. లోపల అరుస్తున్నవి నీ కూతురివి హాజీ. మనవడు పుట్టాడని నువ్విచ్చిన గొర్రెలు, వాటి పిల్లలు. అల్లుడి నడుం పడిపోయాక ఆ ఇల్లు నడుస్తోంది వాటి పాల మీదేగా. అరెరె, పాలు ఒలికిపోతున్నాయి."

"తలుపు తియ్యి."

"ఎందుకు?"

"తియ్యి వదినా. తాళంచెవి ఎక్కడ?"

"రెండు రాత్రులన్నావుగా. కూర్చో. ఖర్జూరం తిను."

"వేళాకోళం కాదు! తలుపు తియ్యి, అవి కలవకూడదు!"

"కలిస్తే ఏం? దుమ్మేగా."

"దుమ్ము కాదు!"

"మరేంటి?"

"వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా..."

"పట్టుకో. ముందు చేతులు కూడా తొట్టిలో ముంచి పట్టుకో. ఏంటది?"

"రోగం! రోగముంది వాటికి. చాలా? తియ్యి!"

"పేరు?"

"పారుడు! పారుడు రోగం! ఆ చివరిదానికి నోరంతా పుండ్లే. ఒకే తొట్టిలో మూతి పెట్టాయంటే నా పిల్ల మంద వారం తిరక్కుండా తుడిచిపెట్టుకుపోతుంది. వాళ్ళకింకేం లేదు వదినా, ఒక్క ఆధారం లేదు!"

"నా మందనుకున్నంతసేపూ దుమ్ము. నీ కూతురి మందనేసరికి పారుడు. నాకు మాత్రం ఏం ఆధారం మిగిల్చావు నువ్వు?"

"తర్వాత తిట్టు. తర్వాత కొట్టు. ముందు తలుపు!"

"ముందు నాకు ఒక్క మాట చెప్పు. ఆ ఏడు ఇదే గుమ్మం ముందు నిలబడి దేవుడి చుట్టాన్నన్నప్పుడు, తెలుసా నీకు?"

"వదినా..."

"తెలుసా?"

"అవతల మూతులు కలుస్తాయి..."

"కలవనీ. తెలుసా?"

"తెలుసు! తెలుసు! తోవలో నాలుగు పోయాయి, అప్పుడే తెలుసు! సంతదాకా తీసుకుపోవాలంటే ఒక్క రాత్రి నీళ్ళూ నీడా కావాలి. ఎవడి దొడ్డో ఒకడిది కావాలి! బూజియాన్ అయితే అడగడని తెలుసు, కళ్ళు మూసుకుని తీస్తాడని తెలుసు. సరేనా? చెప్పాను. ఇక తియ్యి!"

"గాలి గోల. ఇంకోసారి గట్టిగా చెప్పు."

"నాకు తెలుసు! రోగం నాది! నీ మొగుడిది కాదు! తియ్యవే రాక్షసీ!"

"కూర్చో హాజీ."

"తియ్యవా? తలుపు విరగ్గొడతాను!"

"కూర్చోమన్నాను. ఏం కలవలేదు. కలవవు. మధ్యలో గోడ ఉంది, గోడకీ గోడకీ మధ్య మనిషి నడిచే ఖాళీ దారుంది. ఈ తలుపు మందలోకి తెరుచుకోదు. విడిదొడ్డిలోకి తెరుచుకుంటుంది. బయటినుంచి వచ్చిన జీవం ఏదైనా ముందు అందులోనే, ఒంటరిగా. మనిషికి ఇంట్లో చోటు, జీవానికి విడిదొడ్లో చోటు అని రెండో సమావేశంలో అందరం అనుకున్నాం. బార్లీ ఎత్తుకుపోయి ఊరుకోకుండా ఆ రోజు వచ్చుంటే నీకూ తెలిసేది."

"గోడ... గోడ ఉందా?"

"ఉంది. నేనే కట్టాను. రోగం రాకూడదని డాక్టరమ్మ కట్టమంది. నువ్వు రావాలని నేను కట్టాను. ఒక్కో ఇటుక నీ పేరు తలుచుకుని పెట్టాను హాజీ. బిళ్ళలకి విలువొచ్చిన రోజున నువ్వు వస్తావని నాకు తెలుసు. రోగంతోనే వస్తావనీ తెలుసు. నువ్వింకోలా రాగలవా?"

"నువ్వు మనిషివి కాదు."

"కాను. నన్నిలా చేసినవాడివి నువ్వే. ఇక అవి డాక్టరమ్మ సరేనన్నదాకా అక్కణ్ణుంచి కదలవు. పండగ వస్తుంది, పోతుంది. నీ పొట్టేళ్ళు నా దొడ్లోనే ఉంటాయి. చెవికి బిళ్ళా ఉండదు, సంతా ఉండదు."

"పోతే పోనీ. జీవాలు పోతే మళ్ళీ వస్తాయి. నేనిక్కడ ఏం అన్నానో ఎవడికి తెలుసు? రేపు చెప్పుకో. కసి పట్టిన ముసలిది కథలల్లిందంటాను. నీ మాట ఎవడు నమ్ముతాడు?"

"ఎవడూ నమ్మడు. అందుకే నేను చెప్పను. నువ్వు అబద్ధమని తీసిపారెయ్యలేని మనిషి చెబుతుంది. ముబార్కా, విన్నావా తల్లీ?"

"విన్నాను పెద్దమ్మా."

"ముబార్కా! నువ్వా? గోడవతల నువ్వున్నావా? ఎప్పట్నుంచి..."

"నువ్వు కాళ్ళు ముంచినప్పట్నుంచి నాన్నా."

"ఈమె నీకు మందు పెట్టిందమ్మా. నా మీదకి నిన్ను ఉసిగొల్పింది."

"లేదు. పెద్దమ్మతో పోట్లాడి మరీ వచ్చాను నేను. మా నాన్న బేరంలో నాలుగు అబద్ధాలాడతాడు గానీ, తెలిసి తెలిసి రోగమున్న జీవాన్ని ఒకళ్ళ దొడ్లోకి తోలడన్నాను. కావాలంటే నా చెవులతో విని, రేపు అందరి ముందూ నీ తరఫున నేనే చెబుతానన్నాను. నువ్వు గెలుస్తావని నిలబడ్డాను నాన్నా ఇక్కడ."

"అమ్మా, రేపు ఏం చెప్పకు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. నీకు తెలీదు ఇవన్నీ..."

"నా మీద ఒట్టేశావు."

"అవి బేరం ఒట్లు తల్లీ! నోటికొచ్చినట్టు అంటాం. నువ్వు నా ప్రాణం. నీ పెళ్ళి ఎలా చేశానో మరిచిపోయావా? ఊరూరంతా తిన్నారు. ఏనాడైనా నీకు లోటు చేశానా?"

"అదే అడుగుదామనుకుంటున్నా. అప్పటికి మన జీవాలన్నీ దూరం సంతకి తోలేశావు. మన దొడ్డి ఖాళీ. విందుకి ఇన్ని గొర్రెలు ఎక్కడివని అమ్మ అడిగితే, ఆడదానికెందుకని అరిచావు. నేను గోరింటాకు చేతులతో కూర్చుని విన్నాను."

"ముబార్కా... వద్దు..."

"పెదనాన్న ముందు నీ చేత్తో పెట్టావే నాన్నా, ఆ మొదటి ముక్క. అది ఆయన గొర్రెదేనా?"